తండా నాయకుని మాట, తాలూకా కచేరీ కాగితం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘం కార్యవర్గం వారు కోరారు. మడకశిర చరిత్ర అనగానే ఎవరికైనా కొండమీది కోట, పాళెగాళ్ళు, హేమావతిలోని నొళంబుల శిల్పాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి తెలిసినవారు ఇదివరకే వ్రాశారు. కోట కట్టించిన వాని పేరు శాసనంలో ఉంటుంది. ఆ కోటకు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకొచ్చిన వాని పేరు ఏ రాతి మీదా ఉండదు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ఎన్నో కులధ్రువీకరణ ఫైళ్ళు చూసినవాణ్ణి. కనుక ఆ మోసినవారిని గురించి, అంటే సుగాలీలు, ఎరుకలవారు మొదలైన సంచార జాతులను గురించి, వారి పెద్దరికాన్ని గురించి నాకు తెలిసినంత వ్రాయడం సబబని తోచింది.

తండా అంటే మొదట ఊరు కాదు

ఈనాడు తండా అంటే ఊరికి దూరంగా ఉండే సుగాలీల నివాసం. మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లాలో కదిరి, తనకల్లు వైపు ఇవి ఎక్కువ. మనకు ఆనుకుని ఉన్న కర్ణాటకలోని పావగడ తాలూకాలోనూ ఉన్నాయి. ఐతే పూర్వం తండా అనేది ఒకచోట నిలిచే ఊరు కాదు, నడిచే బిడారు. వందలు, వేలు ఎద్దుల మీద పెరికెలు వేసి, పిల్లాపాపలతో, కుక్కలతో, సామానంతటితో కదిలే వర్తక సమూహాన్నే తండా అనేవారు. తీరం నుంచి ఉప్పు లోపలికి, లోపలి ధాన్యం ఎక్కడ కరువైతే అక్కడికి చేరవేసేవారు. ఈ ఎద్దుల వర్తకాన్ని వారు లదేణి అంటారు.

దక్కన్‌కు దండెత్తి వచ్చిన మొగలు సైన్యాల వెనుక ధాన్యం మోసినవారు వీరే. అందుకు ప్రతిఫలంగా ఎక్కడైనా నీళ్ళు, పశువులకు మేత తీసుకునే హక్కు తమకు తామ్రశాసనం మీద వ్రాసి ఇచ్చారని వారి ఐతిహ్యం. 1791లో టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం దాకా వెళ్ళిన కారన్‌వాలీసు, తిండిగింజలు లేక వెనుదిరిగాడు. మరుసటి సంవత్సరం ఆయన మళ్ళీ వెళ్ళి నెగ్గడానికి ఈ బంజారాల ఎద్దులు మోసిన ధాన్యం ఒక ముఖ్య కారణం. కెప్టెన్ జాన్ బ్రిగ్స్ అనే దొర వీరి పుట్టుపూర్వోత్తరాలను, ఆచారాలను గురించి వ్రాసిన వ్యాసం 1819లో అచ్చయింది. రాజులు, దొరలు ఒకరితో ఒకరు పోరాడుతున్నా ఈ బిడార్లను ఎవరూ సాధారణంగా దోచేవారు కాదు. ఈరోజు శత్రువుకు ధాన్యం మోసినవాడు రేపు తమకూ మోస్తాడని అందరికీ తెలుసు.

నాయక్, కార్‌బారి, నసాబ్

అంత పెద్ద బిడారు నడవాలంటే క్రమశిక్షణ కావాలి. ఏ దారిన పోవాలి, ఏ చెరువు దగ్గర దిగాలి, ఏ ధరకు అమ్మాలి, దారిలో ఎద్దు చచ్చిపోతే ఆ నష్టం ఎవరు భరించాలి వంటివన్నీ చెప్పేవాడు నాయక్. ఆయన మాటను అమలు జరిపేవాడు కార్‌బారి. అనుభవజ్ఞులైన సలహాదారులు డావో, సాణో. ఎవరి మీదనైనా ఫిర్యాదు వస్తే అందరూ కూర్చుని విచారించే సభ నసాబ్. మన భాషలో చెప్పాలంటే ఒక తాలూకా కచేరీకి ఉండే హంగులన్నీ అందులో ఉన్నాయి, ఒక్క కాగితం తప్ప.

కాగితం పని చేసేవాడూ ఒకడున్నాడు. అతడు ఢాడీ. భూక్యా లేక రాథోడ్, వడిత్యా లేక జాధవ్, చౌహాన్, పమార్ అనే వంశాల వారి తరతరాల పేర్లను పాడి వినిపించడం అతని వృత్తి. ఒక వంశంలో పుట్టినవారు ఆ వంశంలోనే పిల్లను చేసుకోరాదు గనుక, పెళ్ళి సంబంధం కుదిరే ముందు ఈ వంశావళి చాలా అవసరం. మనకు రికార్డు రూములో బీరువాలుండేవి. వారికి ఢాడీ గొంతు ఉండేది.

వీరి ఆరాధ్యుడు సేవాలాల్ మహారాజ్ మన సీమవాడేనని చాలామందికి తెలియదు. గుత్తి సమీపాన గొల్లలదొడ్డి దగ్గర, నేటి సేవాగఢ్‌లో, 1739 ఫిబ్రవరి 15న భీమా నాయక్, ధర్మిణి దంపతులకు ఆయన జన్మించాడని సంప్రదాయం. కర్ణాటకలోని దావణగెరె జిల్లా సూరగొండనకొప్పను, మహారాష్ట్రలోని పోహరాదేవిని కూడా వారు పుణ్యక్షేత్రాలుగా కొలుస్తారు. సేవాలాల్ రాజ్యం ఏలలేదు. సత్యం పలకమని, దొంగతనం, మత్తు వదలమని చెప్పాడు. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఫిబ్రవరి 15న తండాల్లో భోగ్ సమర్పిస్తున్నారు. శ్రావణంలో కన్నెపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు జరిపే తీజ్, పశువుల క్షేమం కోసం చేసే సీత్లా పండుగ, పెళ్ళికూతురు పుట్టింటిని విడిచేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లో, ఇవన్నీ నేటికీ ఉన్నాయి. ఐతే పాడగలిగినవారు తగ్గుతున్నారు.

ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. తీజ్ పాటలు, అద్దాల కుట్టుపని, ఢావ్లో, ఇలా సంప్రదాయంలో సగానికి పైగా మోసేది ఆడవారు. నసాబ్‌లో మాత్రం వారికి చోటు ఉండేది కాదు. స్థానిక సంస్థల్లో స్త్రీలకు రిజర్వేషన్లు వచ్చాక తండా ఆడపడుచులు సర్పంచులుగా కుర్చీలో కూర్చోగలిగారు. ఇది ఏ నాయక్ ఇచ్చిన వరమూ కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

ఎరుకలవారి పెద్దరికం

ఎరుకలవారి సంగతి వేరు. వారి భాష తమిళానికి దగ్గరైన ద్రావిడ భాష. ఎరుక అంటే తెలివిడి. సోది చెప్పే ఎరుకలసాని మన సాహిత్యంలోనూ, మన వీధుల్లోనూ అందరికీ పరిచితురాలే. వారిలో ఉప్పు మోసేవారు ఉప్పు ఎరుకల, వెదురు దబ్బలతో అల్లేవారు దబ్బ ఎరుకల, సాలెవారి కుంచెలు కట్టేవారు కుంచె ఎరుకల. సాతుపాటి, కావడి, మానుపాటి, మేంద్రగుత్తి అనే నాలుగు గోత్రాలను బట్టి పెళ్ళిళ్ళు జరుగుతాయి. తగవులు తీర్చేది కులపెద్ద. మన పల్లెల్లో గాదెలు, గంపలు, తట్టలు వీరి చేతి పనే. ప్లాస్టిక్కు రాకముందు వీరి గంప లేనిదే సేద్యం లేదు.

వీరే కాక గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, దొమ్మరులు, పాములవారు కూడా మన ఊళ్ళకు ఏటేటా వచ్చేవారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళకు పోవాలన్నది వారి కులపంచాయతీయే పంచి ఇచ్చేది. ఒకరి ఊరికి మరొకరు పోరాదు. పోతే తప్పు కట్టాలి. మనకు భూమి మీద పట్టా ఎలాగో, వారికి ఊళ్ళ మీద ఈ వాడుక హక్కు అలాగ.

1911 నాటి పట్టిక

ఈ నడిచే బతుకును దెబ్బ తీసినవి కొన్ని ప్రభుత్వ నిర్ణయాలు. 1800లో మన సీమ కుంపిణీ చేతికి వచ్చింది. 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పు కుంపిణీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. 1882లో, అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడివడిన సంవత్సరంలోనే, మద్రాసు అటవీ చట్టం వచ్చి మేత భూములకు కంచె పడింది. 1890ల్లో ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగుళూరికి రైలు వచ్చింది. వెయ్యి ఎద్దుల బరువును ఒక్క గూడ్సు బండి మోసుకుపోయింది. ఉప్పు, రైలు, అడవి అనే మూడింటి మధ్య ఎరుకల, కొరవ వర్తకులు ఎలా నలిగిపోయారో మీనా రాధాకృష్ణ గారు 2001లో వెలువడిన తమ గ్రంథంలో వివరంగా చర్చించారు.

వర్తకం పోయినవాడు తిరుగుతూ కనిపిస్తే అనుమానించడం తేలిక. ఉత్తరాదిన 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1924లో దాన్ని మరింత బిగించారు. ఈ చట్టం కింద ఒక జాతి పేరు ప్రకటించారంటే, నేరం చేసినా చేయకపోయినా, ఆ జాతివారి పేర్లు రిజిస్టరులో ఎక్కించవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు. హాజరు చెప్పుకోవాలి. పక్క ఊరికి పోవాలన్నా చీటీ కావాలి. నిన్నటిదాకా వందల మైళ్ళ దారిని నిర్ణయించిన పెద్దమనిషి, ఊరి మునసబు ముందు చేతులు కట్టుకుని నిలబడి హాజరు పలకవలసి వచ్చింది. తన వారి తరఫున మాట్లాడే పెద్దను, తన వారిని పట్టి ఇచ్చే జామీనుదారుగా చేయాలని పోలీసులు చూశారు. అక్కడే పెద్దరికానికి పెద్ద గండి పడింది.

బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వారి ఆధ్వర్యంలో 1913 ప్రాంతంలో ఏర్పడిన స్టూవర్టుపురం ఇలాంటి సెటిల్‌మెంటే. ఆ ఊరి పేరు చెబితే చాలు, తరువాతి తరాల వారికి కూడా ఉద్యోగం, అద్దె ఇల్లు దొరకని స్థితి వచ్చింది. జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు 1970ల్లో అక్కడికి వెళ్ళి సంస్కరణ పని చేపట్టడం మనం గర్వంగా చెప్పుకోదగిన విషయం.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశమంతటా రద్దు సంగతి విచారించిన కమిటీకి అధ్యక్షులు మన తిరుపతి ప్రాంతపు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటారు. ఐతే పట్టిక చింపినంత మాత్రాన అలవాటు పోలేదు. జైలు నియమావళుల్లో సంచార జాతుల వారిని పుట్టుకను బట్టి అనుమానించే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది 2024 అక్టోబరు 3న. అంటే రద్దు తరువాత 72 సంవత్సరాలకు.

సముద్రాల ఆవల కూడా ఇదే కథ

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. ఐరోపాలో జిప్సీలని పిలువబడే రోమా జాతివారు సుమారు వెయ్యేళ్ళ క్రితం మన దేశపు వాయవ్య ప్రాంతం నుంచి వెళ్ళినవారని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. వారి భాషలో నీళ్ళు పాని, ముక్కు నాక్, చెవి కాన్, మనిషి మనుష్. సుగాలీల భాషలోనూ ఇలాంటి మాటలు వినిపిస్తాయి గనుక ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలని కొందరు వ్రాస్తున్నారు. రెండూ ఆర్యభాషా కుటుంబానికి చెందినవన్నంత వరకు నిజం. అంతకు మించి చెప్పడం తొందరపాటు.

వారి చుట్టరికం ఎలా ఉన్నా, అనుభవం మాత్రం ఒకటే. రోమాలలో కొన్ని శాఖలకు క్రిస్ అనే న్యాయసభ ఉంది. మన నసాబ్ లాంటిదే. పోలండు రాజులు పన్నులు రాబట్టుకోవడానికి తామే ఒకరిని జిప్సీల రాజుగా నియమించేవారు. ప్రజలు ఎన్నుకున్న పెద్ద వేరు, ప్రభువు పెట్టిన పెద్ద వేరు. నేటి రుమేనియా ప్రాంతంలో 1855, 1856 సంవత్సరాల దాకా రోమాలు బానిసలు. హిట్లరు కాలంలో కొన్ని లక్షల మందిని చంపారు. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్స్‌లో మిగిలిన రోమా కుటుంబాలను హతమార్చారు.

1971 ఏప్రిల్ 8న లండను సమీపాన జరిగిన తొలి ప్రపంచ రోమా మహాసభ తమను రోమా అనే పేరుతోనే పిలవాలని తీర్మానించింది. నీలం, ఆకుపచ్చ రంగుల జెండా మధ్య చక్రాన్ని ఉంచింది. ఆ చక్రం మన అశోక చక్రాన్ని గుర్తు చేస్తుంది. ఆ సభకు వెళ్ళిన మన దేశస్థుడు డబ్ల్యు.ఆర్. రిషి గారు 1973లో చండీగఢ్‌లో రోమానీ అధ్యయన సంస్థను స్థాపించారు. ఐర్లండులో ట్రావెలర్లు అనే సంచార జాతిని ప్రత్యేక జాతిగా ప్రభుత్వం గుర్తించింది 2017 మార్చి 1న. తమ పేరు తాము చెప్పుకోవడానికి కూడా ఇంత కాలం పట్టింది.

ఎల్లకు ఇవతల ఒకటి, అవతల ఒకటి

ఇక మన మడకశిరకు వద్దాం. మ్యాపు చూస్తే మన ప్రాంతానికి మూడు దిక్కులా కర్ణాటకమే. పావగడ, శిరా, మధుగిరి తాలూకాలతో మనకు సంతలు, పెళ్ళిళ్ళు, బాకీలు అన్నీ కలిసే ఉన్నాయి. సంచార జాతులకైతే ఎల్ల అనేదే తెలియదు. ఐతే జాబితాలకు ఎల్ల ఉంది. మన రాష్ట్రంలో సుగాలీలు, ఎరుకలవారు షెడ్యూల్డు తెగలు. ఎల్ల దాటితే అదే లంబానీలు, అదే కొరమ, కొరచలు షెడ్యూల్డు కులాలు. మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతి. రాళ్ళు కొట్టి బావులు తవ్వే వడ్డెరలు మన దగ్గర వెనుకబడిన తరగతి, అక్కడ భోవి పేరుతో షెడ్యూల్డు కులం. మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు కూడా ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటికే తెగలైన సుగాలీలు, తెలంగాణలో 1976 నాటి చట్టంతో గానీ ఆ జాబితాకు ఎక్కలేదు.

ఒక రాష్ట్రంలో పుట్టినవాడు మరో రాష్ట్రానికి వలస పోతే ఆ రాష్ట్రపు రిజర్వేషను దక్కదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవాడు మన తెనాలిలో పుట్టిన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడిన నాటికి తండ్రి ఏ రాష్ట్రంలో స్థిరనివాసి అన్నది ముఖ్యమైన ప్రశ్న అయింది. ఇళ్ళూ పొలాలూ ఉన్నవానికి ఇది చిన్న ప్రశ్నే. తిరుగుతూ బతికినవానికి ఇదే పెద్ద గోడ.

నా సర్వీసులో ఒక విచారణ బాగా జ్ఞాపకం ఉంది. పావగడ వైపు నుంచి వచ్చి ఇటు స్థిరపడిన ఒక కుటుంబపు పిల్లవానికి సర్టిఫికెట్టు కావాలి. సాక్ష్యానికి తండా నాయక్ వచ్చాడు, 80 ఏళ్ళు పైబడినవాడు. 1950లో ఈ పిల్లవాని తాత ఏ ఊళ్ళో ఉండేవాడని అధికారి అడిగారు.

"యాడని చెప్పేది సామీ? ఎద్దు యాడ పండుకుంటే ఆడే మా ఊరు" అన్నాడాయన.

తరువాత ఆ పిల్లవాని వంశం పేరు, ఏడు తరాల పేర్లు, వారు పిల్లను ఇచ్చి పుచ్చుకున్న వంశాలు, సీత్లా పండుగకు ఏ ఏ దేవతలను నిలుపుతారు, చనిపోయినవారికి ఏమి చేస్తారు అన్నీ తడుముకోకుండా చెప్పాడు. నేను వ్రాసుకోలేక రెండుసార్లు ఆపమన్నాను. ఆ వాఙ్మూలం నాలుగు పేజీలు అయింది. ఆ ఫైలులో అంతకంటే గట్టి కాగితం మరొకటి లేదు.

నోటి మాటే దస్తావేజు

1993లో మన రాష్ట్రం కులధ్రువీకరణ పత్రాల జారీకి ప్రత్యేక చట్టం, 1997లో నియమాలు చేసింది. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు, అనుమానం ఉన్న చోట ఆ తెగ దేవతలు, ఆచారాలు, పెళ్ళి పద్ధతి, అంత్యక్రియల తీరు విచారించాలని చెప్పింది. 2023లో మరో తీర్పులో, ఈ ఆచారాల పరీక్ష ఒక్కటే గీటురాయి కాదు, పాత కాగితాలకు విలువ ఎక్కువ అని స్పష్టం చేసింది. తప్పుడు సర్టిఫికెట్లతో నిజమైన వారి నోటి కూడు లాక్కునేవారు ఉన్నారు గనుక విచారణ ఉండవలసిందే. కానీ దీని ఫలితం ఆలోచించండి. పాత కాగితాలు లేని సంచార కుటుంబానికి మిగిలిన ఆధారం తన సంప్రదాయం ఒక్కటే. ఆ సంప్రదాయం తెలిసిన నాయక్, కులపెద్ద, ఢాడీ ఒక్కొక్కరే రాలిపోతున్నారు. మనవడు బెంగుళూరులో కూలికి పోతాడు, బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతాడు. అది అవసరమే. అతనికి గోత్రం తెలియదు, పండుగ పాట రాదు. రేపు అతన్ని మీ ఆచారం ఏమిటని అడిగితే ఏం చెబుతాడు?

సంప్రదాయం అంటే ఉత్సవాల్లో వేసే అద్దాల దుస్తులని చాలామంది అనుకుంటారు. సండూరు లంబానీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పోహరాదేవిలో 2024 అక్టోబరులో బంజారా మ్యూజియం తెరిచారు. ఇవి సంతోషించదగినవే. తెలంగాణలో 2018లో అనేక తండాలు ప్రత్యేక పంచాయతీలయ్యాయి. కర్ణాటకలో 2023 జనవరిలో తండావాసులకు పెద్ద సంఖ్యలో ఇళ్ళ హక్కు పత్రాలు ఇచ్చారు. నడిచే తండాకు చివరికి సర్వే నంబరు దొరికింది. విముక్త, సంచార జాతుల కోసం రేణ్కే కమిషను 2008లో, ఇదాతే కమిషను 2018లో నివేదికలు ఇచ్చాయి. 2019లో కేంద్రం ఒక సంక్షేమ బోర్డును కూడా ఏర్పాటు చేసింది. ఐతే పై నుంచి వచ్చే బోర్డులు తండాలోని ముసలివాని జ్ఞాపకాన్ని వ్రాసి పెట్టలేవు. అది దగ్గర ఉన్నవారు చేయవలసిన పని.

ఆ పని చేయడానికి మన సంఘ సభ్యుల కంటే తగినవారు ఎవరు? మనలో రెవెన్యూ వారున్నారు, ఉపాధ్యాయులున్నారు, సర్వే వారున్నారు. ఏ వాఙ్మూలంలో ఏ వివరం ఉండాలో మనకు తెలుసు. తేదీ, పేరు, తండ్రి పేరు, వంశం, సాక్షుల సంతకాలు లేనిదే కాగితం నిలవదని 30 ఏళ్ళు నేర్చుకున్నాం. ఒక్కొక్కరం ఒక తండానో, ఒక ఎరుకల వాడనో ఎంచుకుని, అక్కడి పెద్దల దగ్గర కూర్చుని, వారి అనుమతితో, వారి మాటల్లోనే వంశావళి, వలస దారి, పండుగలు, తీర్పులు వ్రాసిపెట్టవచ్చు. ఆడవారు చెప్పేది వేరుగా అడిగి వ్రాయాలి. ఒక ప్రతి ఆ కుటుంబానికే ఇవ్వాలి, అది వారి ఆస్తి. పేర్లు వ్రాసుకోవడం అంటే వారి పెద్దలకు ఒకప్పుడు పోలీసు రిజిస్టరు. అందుచేత వారు మొదట సంశయిస్తే నొచ్చుకోకూడదు.

వారి పేర్లు ప్రభుత్వం వ్రాసిన పట్టిక 1911 నాటిది ఒకటి, సర్టిఫికెట్ల కోసం వ్రాసే పట్టిక మరొకటి. రెండింటిలోనూ ప్రశ్న మనది, జవాబు వారిది. ఇప్పుడు వ్రాయవలసిన మూడో పుస్తకంలో ఏమి చెప్పాలో వారే నిర్ణయించాలి. మనం వ్రాయసగాళ్ళుగా ఉంటే చాలు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు తీసుకోవలసిందిగా మనవి. నా వంతుగా నేను ఒక తండా పేరు నమోదు చేయించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.